ఫియట్ డ్యాష్‌బోర్డుకి ఆటోనగర్‌లో మాసిక వేయించా

ముందే చెప్పేస్తున్నా, ఈ షెడ్డుకి బోర్డు లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వరసలో, రెండు పెద్ద షెడ్ల మధ్య ఇరుక్కుని ఉన్న రేకుల కొట్టం. టింకరింగ్, అంటే బండి రేకు పని, చేసే పెద్దాయన, ఆయన తమ్ముడి కొడుకు, ఇంకో కుర్రాడు, ఒక పిల్లి. అంతే. 5కి 4 ఇస్తున్నా. ఆ పోయిన ఒకటి ఎందుకు పోయిందో తర్వాత చెప్తా, రేకు పనికి మాత్రం కాదు.

బండి 1967 ఫియట్ 1100 డిలైట్. మా తాతయ్య డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసి తీసుకున్నది. 1089 సీసీ ఇంజన్, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే. ఇదే బండి 1974 నుంచి ప్రీమియర్ పద్మిని పేరుతో వచ్చింది కాబట్టి రోడ్డు మీద ఆపి అడిగేవాళ్లంతా "పద్మినీయేనా అండీ?" అంటారు, నేనూ అవునండీ అనేసి ముందుకెళ్లిపోతా. దీని డ్యాష్‌బోర్డు ఇప్పటి కార్లలోలా ప్లాస్టిక్ కాదు, ఇనప రేకు. బాడీకి కొట్టిన రంగే దానికీ ఉంటుంది. మా బండిలో అది బోల్టులు విప్పితే ఊడొచ్చే రకం కూడా కాదు, బాడీలో భాగం. అందుకే దానికి బొక్క పడిందంటే కొత్తది తెచ్చి బిగించేద్దాం అనడానికి కుదరదు.

బొక్క దానంతట అది పడలేదు, మేమే పెట్టించాం. 1986లో మా నాన్నకి క్యాసెట్ ప్లేయర్ మోజు పుట్టింది. పెట్టినవాడు స్పీడోమీటర్‌కి ఎడమ పక్కన రేకు మీద సుద్దముక్కతో గీత గీసి, ఉలి సుత్తి తీసుకుని కోసేశాడు. 18 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల ఎత్తు, దాని పక్కన దేనికో తెలియదు గానీ ఇంకో గుండ్రటి బొక్క. ఉలితో కోయడం వల్ల అంచులన్నీ లోపలికి వంగిపోయాయి, కింద కుడి మూలలో రేకు చీలింది. ప్లేయర్ పదేళ్లు పాడి చచ్చిపోయింది, తర్వాత ఆ బొక్కకి ఒక ప్లైవుడ్ ముక్క అడ్డం పెట్టుకుని ఇరవై ఏళ్లు తిరిగాం.

మూడేళ్ల కిందట బండికి రంగు వేయిస్తూ మా ఊళ్లోనే ఒక చోట ఈ బొక్క కూడా పూడ్చమన్నాను. పేరు ఎందుకులెండి. వెనక నుంచి ఇనప జాలీ ముక్క అంటించి, దాని మీద పుట్టీ దట్టించి, రుద్ది రంగు కొట్టి 3,500 తీసుకున్నాడు. చూడటానికి అద్దంలా ఉంది, నేనూ తెగ మురిసిపోయాను. ఆ ఎండాకాలం దాటేసరికి బొక్క ఎంత ఉందో అంత మేరా జుట్టు మందాన పగులు కనిపించింది, చూస్తే లోపల ఎవరో స్కేలు పెట్టి గీసినట్టుంది. ఇంకో నాలుగు నెలలకి రైల్వే గేటు దగ్గర పట్టాలు దాటుతుంటే ఆ ముక్క మొత్తం ఊడి మా ఆవిడ కాళ్ల దగ్గర పడింది. ఆవిడ తీసి అటూ ఇటూ తిప్పి చూసి "ఇదేంటండీ, పెంకుముక్కలా ఉంది?" అంది. నిజంగా పెంకే. మధ్యలో దాదాపు వేలు మందం పుట్టీ ఉంది.

పుట్టీ తప్పు కాదిది, పుట్టీని రేకు అనుకోవడం తప్పు. రేకు మీద చిన్న చిన్న ఎత్తుపల్లాలు సరిచేయడానికి ఉన్న సరుకు అది, రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే దాన్ని నమ్మకూడదు. వెనక ఆధారం లేకుండా గాలిలో నిలబడమంటే ఎలా నిలబడుతుంది? మన ఎండలకి అద్దాలు మూసి పెట్టిన బండిలో డ్యాష్‌బోర్డు రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, రాత్రికి చల్లారుతుంది, రేకు సాగినట్టు పుట్టీ సాగదు, దానికి తోడు ఇంజన్ అదురు. వెనక జాలీ దగ్గర చెమ్మ చేరి తుప్పు మొదలైతే ఇక చెప్పేదేముంది.

ఈసారి నలుగురినీ అడిగి ఈ షెడ్డుకి వెళ్లాను. పెద్దాయన బండిలోకి తల పెట్టి బొక్కలోంచి చెయ్యి దూర్చి వెనకంతా తడిమి, బయటకొచ్చి, "ఎవరు బాబూ దీన్ని కోసింది, మేకని కోసినట్టు కోశాడు" అన్నాడు. మా నాన్న పక్కనే ఉన్నాడు. ఏమీ మాట్లాడలేదు.

"ఏం చేద్దాం మేస్త్రి గారూ?" అన్నాను.

"మాసిక వెయ్యాలి. పైన అతికించేది కాదు, అంచుకి అంచు కలిపి. టైం పడుద్ది. తొందరుంటే పైన స్టీలు ప్లేటు పెట్టి నాలుగు స్క్రూలు బిగించి ఇస్తా, అయిదొందలు ఇవ్వు, చాలు."

నాకు నచ్చింది ఇదే. పెద్ద పని ఇప్పించుకోవడానికి చిన్న పనిని తిట్టలేదు. నిజానికి డబ్బు చూసుకోవాల్సినవాళ్లు ప్లేటు పెట్టించుకోవడంలో నామోషీ ఏమీ లేదు, పుట్టీ కంటే అది వంద రెట్లు నయం, రేపు ఎప్పుడైనా తీసి సరిగ్గా చేయించుకోవచ్చు కూడా.

స్క్రాప్‌లో ఇంకో ఫియట్ దొరికితే అదే చోటు ముక్క కోసి తెచ్చి వేస్తే ఇంకా బాగుంటుందన్నాడు, వంపు దానంతట అదే కలుస్తుంది కదా. రెండు వారాలు తిరిగాను, దొరకలేదు. సరే, కొత్త రేకుతోనే కానిమ్మన్నాను. అప్పుడు ఆ కుర్రాడు జీఐ రేకు ముక్క ఒకటి పట్టుకొస్తే పెద్దాయన దాన్ని తీసి అవతల పారేశాడు. జీఐ మీద జింకు పూత ఉంటుంది, వెల్డింగ్ పెట్టగానే అది పొగై లేస్తుంది, ఆ పొగ పీలిస్తే జ్వరం, పైగా అతుకులో బుడగలు. 20 గేజ్ సీఆర్ రేకు తెప్పించాడు, అంటే ఏ పూతా లేని ఇనప రేకు, మందం సుమారు 0.9 మిల్లీమీటర్లు. అసలు డ్యాష్‌బోర్డు మందం కొలిచి మరీ తెప్పించాడు. మందం తేడా ఉంటే పలచటి వైపు కరిగి బొక్క పడుతుందట, ఉన్న బొక్క చాలదన్నట్టు.

ఇక నేను అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్న రోజు సంగతి.

ముందు బ్యాటరీ తీగ తీసేశారు. డ్యాష్‌బోర్డు వెనక ఉన్న వైర్ల కట్ట మొత్తం కిందకి లాగి, మీటరు విప్పేసి, ముందద్దానికీ సీట్లకీ తడిపిన గోనెసంచులు కప్పారు. వెల్డింగ్ రవ్వ అద్దం మీద పడితే చిన్న గుంటలు పడతాయి, అవి ఇక పోవు. తర్వాత పెద్దాయన ఆకురాయి తీసుకుని గంటసేపు ఆ బొక్కనే అరగదీశాడు. వంగిన అంచులన్నీ తిన్నగా చేసి, నాలుగు మూలలూ గుండ్రంగా తిప్పాడు. బొక్క కాస్త పెద్దదైంది. నాకు టెన్షన్. "మూల సూదిగా ఉంటే వేడంతా అక్కడే చేరుద్ది, అక్కడే చీలుద్ది" అన్నాడు. పాత చీలిక ఎక్కడ ఆగిందో చూసి సరిగ్గా ఆ చివర సన్నటి డ్రిల్లు వేశాడు, ఇక అది ముందుకి పాకకుండా.

నమూనా తీయడానికి అట్ట కావాలన్నాడు. నా దగ్గర ఏముంది, బండి సీటు మీద మా బంధువుల పెళ్లి శుభలేఖ ఉంటే ఇచ్చాను. దాన్ని బొక్క మీద పెట్టి బొటనవేలితో అంచు చుట్టూ నొక్కుకుంటూ పోయాడు, అచ్చు పడింది. కత్తెరతో కత్తిరించి రేకు మీద పెట్టి సూదిమొనతో గీత గీశాడు. మూలన పసుపు బొట్టు, మధ్యలో "ఆహ్వానించు వారు" అన్న ముక్క, ఆ ఆకారంలో రేకు. డ్యాష్‌బోర్డు తిన్నగా ఉండదు, పైనుంచి కిందకి కొంచెం ఉబ్బుగా ఉంటుంది, అందుకని ఆ రేకు ముక్కని ఇసుక సంచి మీద పెట్టి చెక్క సుత్తితో మెల్లగా కొట్టాడు. కొట్టడం, తెచ్చి పెట్టి చూడడం, మళ్లీ కొట్టడం. పదిహేను సార్లయినా బండికీ సంచికీ మధ్య తిరిగి ఉంటాడు. చివరికి ఆ ముక్క బొక్కలో కూర్చుంటే చుట్టూ సన్నటి సందు మిగిలింది, అన్ని వైపులా ఒకేలా. "ఈ సందు కావాలి, వేడికి రేకు ఉబ్బడానికి" అన్నాడు.

వెల్డింగ్ మాత్రం నేను చూసిన వాటిలో ఇంత నింపాదిగా చేసినవాళ్లు లేరు. సీవోటూ వెల్డింగ్, అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వదులుతూ సన్నటి తీగతో చేసేది. వెనక నుంచి తమ్ముడి కొడుకు ఒక రాగి పలక ఆనించి పట్టుకున్నాడు, రాగికి వెల్డింగ్ అంటుకోదు, వేడి మాత్రం లాగేసుకుంటుంది. పెద్దాయన ఒక మూల ఒక చుక్క పెట్టాడు. దానికి ఎదురు మూల ఇంకోటి. ఆపి టీ తాగాడు. అరచేయి తిప్పి వెనక భాగం రేకుకి ఆనించి, వేడి తగలకపోతేనే ఇంకో చుక్క. గీత గీసినట్టు ఒకేసారి లాగేస్తే పది నిమిషాల పని, కానీ రేకు ముడుచుకుపోయి డ్యాష్‌బోర్డు మొత్తం అల వచ్చినట్టు అవుతుంది, ఆ అల తీయడం బ్రహ్మతరం కాదు. చుక్క పక్కన చుక్క, చుక్క పక్కన చుక్క, అలా అతుకు కలవడానికి సాయంత్రం అయిదున్నర అయింది. పక్క షెడ్డు వాళ్లు వచ్చి "ఇంకా అవ్వలా?" అని రెండుసార్లు ఎగతాళి చేసి వెళ్లారు.

మర్నాడు అతుకు మీద పొక్కుల్ని గ్రైండ్ చేసి, వెనక ఇనప దిమ్మ ఆనించి ముందు నుంచి సన్నగా సుత్తి దెబ్బలు. వెల్డింగ్ చల్లారేటప్పుడు అతుకు దగ్గర రేకు ముడుచుకుంటుంది కదా, ఈ దెబ్బలు దాన్ని మళ్లీ సాగదీస్తాయి. రంగు వేయకముందు నన్ను పిలిచి కళ్లు మూసుకుని వేలు పెట్టి చూడమన్నాడు. అతుకు ఎక్కడుందో నాకు దొరకలేదు, ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోటా పలచగా పుట్టీ, గోరు మందం కూడా లేదు. వెనక వైపు తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు రెండు పూతలు కొట్టాడు, దాని గురించి నేను అడగలేదు కూడా. ఎవరికీ కనపడని చోట రంగు వేసేవాడిని నమ్మొచ్చని నా లెక్క.

ఇప్పుడు ఆ పోయిన ఒకటి.

నాలుగు రోజులన్నాడు, 19 రోజులు పట్టింది. మధ్యలో లారీ పనులు వస్తే మన బండి మూలకి పోతుంది, ఫోన్ చేస్తే ఎత్తరు. నేను తెనాలి నుంచి నాలుగుసార్లు బస్సెక్కాల్సి వచ్చింది. వైర్లు తిరిగి కలిపేటప్పుడు ఇండికేటర్లు తారుమారు చేశారు, కుడి వేస్తే ఎడమది వెలుగుతోంది, బెంజి సర్కిల్ దగ్గర నా వెనకవాడు కొట్టిన హారన్‌కి గానీ నాకు తెలియలేదు. తర్వాత వెళ్తే నవ్వి ఊరికే సరిచేశారు, కానీ బండి ఇచ్చే ముందు ఒకసారి చూసుకోవాలి కదా. వెనక సీటు రెక్సిన్ మీద ఒక రవ్వ పడి పప్పుగింజంత కాలింది, గోనెసంచి అక్కడ జారినట్టుంది. రంగు వాళ్లు వేయరు, పక్కనే పెయింటర్‌కి ఇస్తారు. ఆయన ముందద్దం రబ్బరు బీడింగ్ కింద ఎండ తగలని చోట రంగు చూసి కలిపాడు, రాత్రి లైట్లలో సరిగ్గా కలిసింది, పొద్దుటి ఎండలో డ్యాష్‌బోర్డు తలుపుల కంటే ఒక పిసరు ముదురుగా కనిపిస్తుంది. తలుపులే వెలిసిపోయి ఉన్నాయి కాబట్టి ఇందులో ఆయన్ని అనేదేమీ లేదు.

రేకు పనికి 9,000, రంగుకి 5,000, మొత్తం 14,000. ఎక్కువే అనిపించొచ్చు. నేను ఆ చుక్కలు పెట్టడం పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా చూశాను కాబట్టి బేరం ఆడలేదు. ఎండాకాలం ఒకటి దాటింది, రైల్వే గేట్లు లెక్కలేనన్ని దాటాం, పగులు లేదు, ఉబ్బు లేదు. చేయించేవాళ్లు ఎక్కడ చేయించినా రెండు ప్రశ్నలు అడగండి: ఏ రేకు వేస్తున్నారు, వెనక ఏం పూస్తున్నారు. రెండోదానికి "వెనక ఎవడు చూస్తాడు సార్" అంటే బండి వెనక్కి తిప్పుకోండి.

మా నాన్న మొదటిసారి ఎక్కి కూర్చుని ఆ చోటు మీద చెయ్యి వేసి కాసేపు రాశాడు. బాగుందంటాడేమో అనుకున్నా. "మరి పాటలు ఎక్కడ పెడతావురా?" అన్నాడు. సీటు కింద చిన్న బ్లూటూత్ పెట్టెకి చోటు చూస్తున్నా, ఈసారి బొక్కలు పెట్టకుండా.

షెడ్డుకి వెళ్లాలనుకుంటే పొద్దున పదింటి లోపు వెళ్లండి, లారీలు వచ్చాక మిమ్మల్ని పట్టించుకోరు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి వెళ్తారు, మూడు దాకా పిల్లి ఒక్కటే ఉంటుంది.