పది చూపి ఎనిమిదే పోసిన గన్ను

జీవాలకు నట్టల (కడుపులోని పురుగుల) మందు తాగించే ఈ గన్ను కొని పది నెలలైంది. ధర 1,350 రూపాయలు. మాకు 64 నెల్లూరు గొర్రెలు, 11 మేకలు ఉన్నాయి. అంతకుముందు మా మామగారు వెదురు గొట్టంతో తాగించేవారు. సగం మందు మూతి పక్క నుంచి కారిపోయేది. ఒక ఏడాది తల మరీ పైకెత్తడంతో మందు ఊపిరితిత్తుల్లోకి దిగి రెండు పిల్లలు చచ్చిపోయాయి. అప్పటి నుంచి మంచి సాధనం కొనాలని నా పట్టుదల.

తాగించే తీరులో దీనికి వంక పెట్టలేను. గన్ను మూతి వంపు తిరిగి, కొస గుండ్రంగా ఉంటుంది. పెదవి మూలన పళ్లు లేని సందులోంచి పోనిచ్చి, నాలుక మీదుగా వెనక్కి పెట్టి మీట నొక్కాలి. గొర్రె తల ఎత్తకుండా, మామూలుగా నిలబడినప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంచి, గుటక పడేదాకా ఆగాలి. వీపున తగిలించుకున్న డబ్బాలోంచి గొట్టం గుండా మందు దానంతటదే నిండుతుంది. పూటంతా పట్టే పని గంటన్నరలో తెములుతోంది.

అసలు లోపం కొలతలో బయటపడింది. శ్రావణం వానల తర్వాత ఏడు గొర్రెలకు దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడింది. కింది కనురెప్ప విప్పి చూస్తే పాలిపోయి తెల్లగా ఉంది. ఇది రక్తం పీల్చే నట్ట పని అని మా పశువైద్యుడు చెప్పారు. నాలుగో పొట్టలో చేరిన ఒక్కో పురుగు వల్ల రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం పోతుందట. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు! ముప్పై కిలోల జీవం ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

కొత్తగా చూలు కట్టినవాటిని ఆయన చెప్పినట్టు పక్కన పెట్టి, మిగతా మందకు ఆల్బెండజోల్ అనే నట్టల మందు తాగించాం. రెండు వారాలకు పెంటికలు పరీక్షకు ఇస్తే నట్టల గుడ్లు ఇంకా చాలానే కనబడ్డాయి. మందు కల్తీదని కొందరన్నారు, నట్టలు మందుకు లొంగడం మానేశాయని మరికొందరన్నారు. ఆయన మాత్రం “ముందు ఆ గన్ను కొలత చూడమ్మా” అన్నారు.

పది మిల్లీలీటర్ల దగ్గర పెట్టి, పదిసార్లు గిన్నెలోకి నొక్కి, సిరంజితో కొలిచాను. వంద రావాలి, ఎనభై వచ్చింది. మా మందు 2.5 శాతానిది, అంటే మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు. గొర్రెకు కిలోకు 7.5 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వమన్నారు. 32 కిలోల గొర్రెకు 9.6 మిల్లీలీటర్లు పడాల్సిన చోట ఎనిమిదే పడింది. మేకలకు కిలోకు 10 మిల్లీగ్రాములు కావాలి కాబట్టి వాటికి ఇంకా తక్కువైంది. చాలని మోతాదుకు బలహీనమైన నట్టలే చస్తాయి, తట్టుకున్నవి గుడ్లు పెట్టి తమలాంటివాటినే పెంచుతాయి. నా చేతులతో నేనే ఆ పని చేశానని తెలిసి ఆ రాత్రి అన్నం సయించలేదు.

లోపలి రబ్బరు వాషరు అరిగి, నొక్కినప్పుడు కొంత మందు వెనక్కి జారుతోంది. గొట్టంలో గాలి బుడగలు ఉన్నా కొలత తగ్గుతుంది. అమ్మిన దుకాణంలో విడి వాషర్లు లేవు, కొత్త గన్నే కొనుక్కోమన్నారు. ఇది నాకు చాలా కోపం తెప్పించింది. పది రూపాయల రబ్బరు ముక్క కోసం 1,350 మళ్లీ ఎవరు పెడతారు? చివరికి పురుగుమందు పంపులు బాగుచేసే అతను సరిపోయే వాషరు వెతికి వేశాడు. గన్నుతో వచ్చిన కాగితంలో కొలత సరిచూసుకోమన్న మాట ఒక్కటీ లేదు, ఉన్నదంతా ఇంగ్లీషే.

వాషరు మార్చాక సరైన మోతాదు తాగించాం. పద్నాలుగో రోజు పరీక్షలో గుడ్లు దాదాపు కనబడలేదు. మూడు వారాలకు రెప్పల్లో గులాబీ రంగు తిరిగొచ్చింది. ఏడింటిలో ఒక ముసలి గొర్రె మాత్రం దక్కలేదు.

ఇప్పుడు ప్రతిసారీ ముందు నీళ్లతో కొలిచి చూస్తున్నాను. పని అయ్యాక గోరువెచ్చని నీటితో కడిగి, వాషరుకు చుక్క ఆముదం రాస్తున్నాను. పనితనానికి నాలుగు నక్షత్రాలు, కొలతకూ విడిభాగాలకూ ఒకటే. ఇరవై లోపు జీవాలున్నవారికి సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజి చాలు. పెద్ద మంద ఉంటే కొనండి, కానీ దుకాణంలోనే నీళ్లు పోయించి పదిసార్లు నొక్కి కొలవండి, రెండు వాషర్లు అదనంగా ఇస్తేనే డబ్బు చెల్లించండి.