తేళ్ల లైటు, మూడేళ్లు వాడాక

ఈ అల్ట్రావయొలెట్ టార్చిని చాలామంది దొంగనోట్లు పట్టడానికి కొంటారు, నేను కొన్నది తేళ్ల కోసం. మాది చీమకుర్తి పక్క పల్లె. పెరటి గోడంతా క్వారీ దగ్గర పారేసిన గ్రానైట్ ముక్కలు పేర్చిందే. ఆ సందుల్లో తేళ్లుంటాయని మాకు తెలుసు కానీ ఎన్నో ఎప్పుడూ చూడలేదు. మొదటి రాత్రి గోడ మీద లైటు తిప్పితే పదకొండు! రేడియం స్టిక్కర్లు అంటించినట్టు పచ్చగా వెలుగుతూ, కొండీతో సహా. మా అమ్మ "ఇన్నాళ్లూ వీటి పక్కనే పడుకున్నామా అబ్బాయా" అని అప్పటికప్పుడు మంచం జరిపించింది.

బరువు, ఛార్జింగ్ సంగతులు రాయను, అన్నీ మామూలే. ఒక్కటి మాత్రం చూసి కొనండి, లైటు తరంగదైర్ఘ్యం 365 నానోమీటర్లు అయ్యుండాలి. నేను ముందు కొన్న చవకది 395, దాని ఊదా వెలుగులోనే సగం తేళ్లు కలిసిపోయేవి. దండెం మీద సబ్బుపొడితో ఉతికిన లుంగీ కూడా నీలంగా మెరుస్తుంది, దాన్ని చూసి జడుసుకోకండి.

అప్పట్నుంచీ లెక్క రాసుకోవడం అలవాటైంది. అమావాస్య రోజుల్లో గోడ నిండా ఉంటాయి, పండువెన్నెల్లో ఒకటీ రెండూ కనిపిస్తే గొప్ప. ఒకసారి మండ్రగబ్బ, అదే పెద్ద నల్లతేలు, పిల్లల్ని వీపున మోస్తూ కనిపించింది, తల్లి పచ్చగా వెలుగుతుంటే పిల్లల గుంపు మాత్రం తెల్లగా, మసగ్గా ఉంది. అప్పుడే ఆలోచించాల్సింది.

"ఈ లైటుంటే పెరట్లో చెప్పుల్లేకుండా తిరగొచ్చు" అని మొదటి నెలలో అందరికీ చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. పోయినేడు తొలకరి వానలప్పుడు తొట్టి పక్కన ఒక తేలు బాగా వెలుగుతూ కనిపించింది. పుల్లతో కదిపితే తేలికగా దొర్లింది, ఖాళీ కుబుసం! నవ్వుకుంటూ ఇంకో అడుగు వేయబోయి, ఎందుకో ఫోన్ లైటు కూడా వేశాను. జానెడు దూరంలో దాన్ని అప్పుడే విడిచిన తేలు, గోధుమపిండి ముద్ద రంగులో, మెత్తగా కదలకుండా ఉంది. మళ్లీ ఈ లైటు కొట్టి చూశా, వెలగనే లేదు. కొత్త పెంకు గట్టిపడే దాకా తేలుకి ఆ వెలుగు రాదట, విడిచిన కుబుసం మాత్రం వెలుగుతుంది. పైగా అది చిన్న ఎర్రతేలు. చూడ్డానికి మండ్రగబ్బే భయపెడుతుంది కానీ గుండె మీదికి తెచ్చేది ఈ ఎర్రదాని విషమే.

తప్పు లైటుది కాదు, నాదే అనుకోండి. అయినా నాలుగు నక్షత్రాలే ఇస్తాను. సిమెంటు పూత గోడలున్న ఇంట్లో వాళ్లకి ఇది దండగ, మా లాంటి రాళ్ల గోడల వాళ్లకి పనికొస్తుందేమో. మా పాప పాకడం మొదలెట్టాక నేను పెరట్లోకి రెండు లైట్లు తీసుకెళ్తున్నాను, ఇదొకటి, మామూలుదొకటి. కట్లపాముని చూడాలన్నా ఆ రెండోదే కావాలి.