అవార్డు చెప్పే సైకిల్, రోడ్డు చెప్పే సైకిల్

2020లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ నగరాలు సైకిల్ తొక్కేవాళ్లకు అనువుగా మారాలని సైకిల్ ఛాలెంజ్ పెట్టింది. మరుసటి ఏడాది ప్రకటించిన 11 విజేత నగరాల్లో మన తెలుగు నేల నుంచి వరంగల్ ఉంది. అమెరికాలో అయితే సైకిల్ సంఘమే సైకిల్‌కి ఎంత అనువుగా ఉన్నాయో చూసి నగరాలకు కాంస్యం నుంచి వజ్రం దాకా హోదా ఇస్తుంది. ఊరే దరఖాస్తు పెట్టుకోవాలి. ఇలాంటి గుర్తింపులు అధికారులను కదిలిస్తాయి, అది చిన్న విషయం కాదు.

కానీ నాకు విశాఖ గురించి తెలియాలంటే ఉదయం తొమ్మిదింటికి ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర నిలబడతాను. గాజువాక వైపు నుంచి డ్యూటీకి సైకిల్ మీద వచ్చే మనిషి బస్సుకీ లారీకీ మధ్య ఎలా దారి వెతుక్కుంటున్నాడో చూస్తాను. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో తొక్కడం హాయిగానే ఉంటుంది, సముద్రపు గాలికి అలుపే తెలియదు. అయితే అది వ్యాయామం. పనికెళ్లేవాడికి హైవే దాటాలి, ఎత్తుపల్లాలు ఎక్కాలి, పైగా ఎండ, ఉక్కపోత, సైకిల్‌కి తాళం వేసుకునే చోటు కోసం టెన్షన్.

అవార్డు, రోడ్డు రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే నేను రోడ్డునే నమ్ముతాను. స్కూలు పిల్లని ఒంటరిగా సైకిల్ మీద మద్దిలపాలెం జంక్షన్ దాటి పంపడానికి తల్లికి ధైర్యం ఉందా? మార్కులు వేసేవాళ్లు ముందు ఆమెను అడగాలి.