క్రెయిటన్ సమాధి చూడాలంటే

న్యూయార్క్ వచ్చే మనవాళ్లలో క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకి నేను గట్టిగా చెప్పేది, బ్రూక్లిన్‌లోని గ్రీన్‌వుడ్ సమాధుల తోటకి ఒక పూట కేటాయించండి. టికెట్ లేదు. ఆర్ రైల్లో 25వ వీధి స్టేషన్‌లో దిగితే గేటు దగ్గరే, దాని శిఖరాల్లో పచ్చ చిలకలు గూళ్లు కట్టి ఒకటే గోల.

జిమ్ క్రెయిటన్ ఉన్నది ఇక్కడే. 1860 నాటి ఎక్సెల్సియర్ అనే బేస్‌బాల్ జట్టు పిచర్, అంటే మన బౌలర్ లాగా బంతి వేసేవాడు. అప్పటిదాకా పిచర్ పనల్లా బ్యాటర్ కొట్టడానికి వీలుగా బంతి అందించడమే, అదీ చెయ్యి కిందనుంచి, మణికట్టు విదల్చకుండా. ఇతను ఎవరి కంటా పడకుండా మణికట్టు విదిలించి వేగం, స్పిన్ రాబట్టాడంటారు. ఆటగాళ్లకి డబ్బివ్వడం నిషేధమైన రోజుల్లో చాటుగా డబ్బు ముట్టిందనీ, కాబట్టి తొలి ప్రొఫెషనల్ ఇతనేననీ చాలామంది లెక్క. క్రికెట్ కూడా ఆడేవాడు. 1862 అక్టోబరులో 21 ఏళ్లకే పోయాడు. హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొడుతుంటే పొట్టలో ఏదో తెగిందని కథ, నాకైతే మరీ సినిమాలా అనిపిస్తుంది, క్రికెట్ ఆడుతుంటే అయిందనే వాదనా ఉంది.

సమాధి స్తంభం మీద బ్యాట్లు, టోపీ చెక్కారు, కొసన పాలరాతి బంతి. పాత బంతి ఎప్పుడో మాయమైతే 2014లో కొత్తది పెట్టారు. తోట 478 ఎకరాలు, అంతా ఎత్తుపల్లాలు, మ్యాప్, నీళ్లు లేకుండా వెళ్లొద్దు. తిరిగొస్తూ కోర్ట్ స్ట్రీట్‌లో దిగితే 133 క్లింటన్ వీధిలో ఆ జట్టు క్లబ్బు ఉన్న ఇల్లు, బయట ఫలకం ఒక్కటే. దానికోసమే పనిగట్టుకుని వెళ్లక్కర్లేదు.

మాన్‌హట్టన్ రేట్లు చూసి జెర్సీ సిటీ జర్నల్ స్క్వేర్‌లో దిగాం. గది ఇరుకు, పొద్దున్నే వేడినీళ్ల కోసం రిసెప్షన్‌కి ఫోన్ల మీద ఫోన్లు. అయినా దగ్గర్లోనే దోశ, మాన్‌హట్టన్‌కి రాత్రంతా పాత్ (PATH) రైళ్లు, మళ్లీ అక్కడే ఉంటాను.

కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ మేటి ఆటగాళ్లని గౌరవించే మ్యూజియం, హాల్ ఆఫ్ ఫేమ్, సంగతి వేరు. కారులో నాలుగు గంటల పైమాటే, తీరా వెళ్తే క్రెయిటన్‌కి అందులో చోటే లేదు! కర్వ్‌బాల్ (గాల్లో వంపు తిరిగే బంతి) కనిపెట్టాడని పేరున్న క్యాండీ కమింగ్స్‌కి ఉంది. బేస్‌బాల్ మొత్తం చరిత్ర కావాలంటే వెళ్లండి, పక్కనే సరస్సు కూడా బావుంటుంది. జులై చివర్లో కొత్తవాళ్లని చేర్చుకునే వేడుక రోజులు మాత్రం తప్పించండి, ఆ చిన్న ఊళ్లో గది దొరకడం కష్టం.