ఎల్డెన్ రింగ్ "పర్మనెంట్ అకౌంట్" కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

నిన్న రాత్రి స్టీమ్‌లో (పీసీ గేమ్స్ కొనుక్కుని ఆడుకునే చోటు) లాగిన్ అవబోతే పాస్‌వర్డ్ తప్పు అని వచ్చింది. నేనే తప్పు కొట్టానేమో అనుకుని, రాసి పెట్టుకున్న కాగితం చూసుకుంటూ ఒక్కో అక్షరం కొట్టాను. మళ్ళీ అదే. విషయం అప్పుడే అర్థమైంది గానీ, ఒప్పుకోవడానికి ఇంకో అరగంట పట్టింది. 94 గంటలు ఆడిన ఎల్డెన్ రింగ్ గేమ్ పోయింది.

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు. ఈలోపు ఇంకెవరైనా అదే చోట కొనేస్తారన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను.

అమ్మినవాళ్ళ పేరు రాయను, రేపు ఇంకో పేరుతో వస్తారు. తక్కువ ధరకి గేమ్స్ వెతికేవాళ్ళకి ఆ ప్రకటన ఎప్పుడో ఒకప్పుడు కంటబడే ఉంటుంది. బంగారు చెట్టు బొమ్మ, పక్కన "2022 గేమ్ ఆఫ్ ది ఇయర్", కింద "ఒరిజినల్, పర్మనెంట్, డీఎల్‌సీతో సహా". డీఎల్‌సీ అంటే గేమ్‌కి తర్వాత వచ్చిన అదనపు భాగం. నేను కీ, అంటే నా సొంత అకౌంట్‌లో గేమ్ చేర్చుకునే కోడ్, ఇస్తారనుకున్నాను. వచ్చింది ఒక యూజర్‌నేమ్, ఒక పాస్‌వర్డ్. "పాస్‌వర్డ్ మార్చొద్దు బ్రో, ఎప్పుడూ ఆఫ్‌లైన్ మోడ్‌లోనే ఆడండి, ఏ ప్రాబ్లం వచ్చినా మేమున్నాం" అని ఒక మెసేజ్. డబ్బు కూడా సైట్ ద్వారా కాకుండా నేరుగా పంపితే ఇంకొంత తగ్గిస్తామన్నారు. పంపాను. పర్మనెంట్ అని అమ్మినవాళ్ళు పాస్‌వర్డ్ ఎందుకు మార్చొద్దంటున్నారని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు.

ఇంకొకటి కూడా దాచకుండా చెప్తాను, ఎందుకంటే నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇదే. ఆ అకౌంట్ మొదటిసారి తెరిచినప్పుడు లైబ్రరీలో ఎల్డెన్ రింగ్ ఒక్కటే లేదు. ఎవరో ఏళ్ళ తరబడి కొనుక్కున్న గేమ్స్ వరసగా ఉన్నాయి. ఒక్కోదానిలో వందల గంటలు, ఫ్రెండ్స్ లిస్టు, ప్రొఫైల్ మీద పదేళ్ళ సర్వీస్ బ్యాడ్జ్. పదేళ్ళు కాపాడుకున్న అకౌంట్‌ని ఎవరైనా ఇలా అమ్ముకుంటారా? ఆ ప్రశ్న నాకు ఆ రోజే వచ్చింది. గేమ్ ఆడాలన్న ఆత్రంలో పక్కకి తోసేశాను. ఇప్పుడు పాస్‌వర్డ్ మార్చింది అసలు యజమానే అయితే ఆ మనిషి చేసింది వంద శాతం న్యాయం. నా కోపం ఆ మనిషి మీద కాదు.

ఇక గేమ్ సంగతి. ఇంత పొగడ్తకి తగినదేనా అని చాలామంది అడుగుతుంటారు. తగినదే. ఈ పరిస్థితిలో కూడా ఆ మాట మార్చను.

2022 ఫిబ్రవరి 25న విడుదలైంది. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వాళ్ళ గేమ్, డైరెక్టర్ హిడెటకా మియజాకి. మొదటి మూడు వారాల్లోపే కోటీ 20 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. ఆ లెక్కలు చూసి కొన్నా, ఆడటం మొదలుపెట్టాక అవేమీ గుర్తులేవు. సొరంగంలోంచి గేమ్‌లో మొదటి ప్రాంతం లిమ్‌గ్రేవ్‌లోకి అడుగు పెట్టగానే ఎదురుగా గుర్రం మీద బంగారు కవచంతో ట్రీ సెంటినెల్ తిరుగుతుంటాడు. మొదటి రాత్రంతా వాడి చేతిలో చచ్చాను. తర్వాత తెలిసింది, వాడితో పోరాడాల్సిన పనే లేదని. చుట్టూ తిరిగి వెళ్ళిపోవచ్చు, బలం పెరిగాక తిరిగి రావచ్చు. ఆ మాట గేమ్ ఎక్కడా నోటితో చెప్పదు. మనమే కనిపెట్టాలి. ఓపెన్ వరల్డ్ అని చెప్పుకునే చాలా గేమ్స్‌లో మ్యాప్ నిండా గుర్తులు పెట్టి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. ఇక్కడ దూరంగా ఏదో కనిపిస్తుంది, అక్కడేముందో చూద్దామని మనమే గుర్రాన్ని అటు తిప్పుతాం.

చెరువు పక్కన కాలిపోయిన శిథిలాల్లో ఒక పెట్టె తెరిస్తే పొగ కమ్మేసి ఎక్కడో కేలిడ్ అనే ప్రాంతంలోని గనిలో పడేసింది. అక్కడ ఏది ముట్టుకున్నా ఒక్క దెబ్బకి ప్రాణం పోతోంది. బయటికి రాగానే ఆకాశం అంతా ఎర్రగా. ఆ రోజు నిజంగా భయపడ్డాను.

అన్నిటికంటే పైన చెప్పాల్సింది సియోఫ్రా లిఫ్టు. మిస్ట్‌వుడ్ అడవిలో ఒక చిన్న గుండ్రటి కట్టడం, లోపల లిఫ్టు. ఎక్కాను. దిగుతూనే ఉంది. ఇంకా దిగుతూనే ఉంది. ఏదైనా బగ్గేమో అనుకునేంతసేపు దిగింది. ఆ తర్వాత భూమి అడుగున నది, శిథిలమైన గుడులు, పైకి చూస్తే నక్షత్రాలు. భూమి కింద ఆకాశం! కంట్రోలర్ కింద పెట్టేసి చూస్తూ కూర్చున్నాను. పెద్దయ్యాక ఒక గేమ్ నన్ను అలా కూర్చోబెట్టడం అదే మొదటిసారి.

ఈ లిఫ్టు సంగతి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది.

సరిగ్గా ఆ మర్నాడే సెల్లర్ నుంచి మెసేజ్ వచ్చింది. "ఎలా ఉంది బ్రో గేమ్? నచ్చితే మా పేజీలో ఐదు స్టార్లు ఇచ్చి నాలుగు మాటలు రాయండి." నేను నాలుగు మాటలు కాదు, పేజీడు రాశాను. లిఫ్టు గురించి, నక్షత్రాల గురించి మనసులో ఉన్నదంతా రాశాను. చివర్లో "ఆలోచించకుండా కొనండి" అన్నాను. ఆ ఐదు స్టార్లు నిజానికి గేమ్‌కి. పెట్టింది మాత్రం అమ్మినవాళ్ళ పేరు కింద. ఆ తేడా నాకు ఆ రోజు తట్టలేదు. రెండు రోజుల్లో నా మాటలే వాళ్ళ ప్రకటనలో కనిపించాయి, బంగారు చెట్టు బొమ్మ కింద. అప్పుడు సంతోషపడ్డాను కూడా.

తర్వాత నెలన్నర ఆడాను. మార్గిట్ అనే బాస్ (దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువు) దగ్గర మూడు రాత్రులు. గొయ్యిలో ఇరుక్కుపోయిన జాడీ వీరుడు అలెగ్జాండర్‌ని వెనక నుంచి కొట్టి బయటికి లాగాను. ఆ అలెగ్జాండరే ఎన్నో గంటల తర్వాత రాడాన్ అనే ఇంకో బాస్‌తో యుద్ధానికి నా పక్కన వచ్చి నిలబడ్డాడు. అలాంటివి పోతే ఎంత పోయినట్టో ఆడినవాళ్ళకి చెప్పక్కర్లేదు. షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ డీఎల్‌సీలోకి వెళ్ళాలంటే రాడాన్‌నీ, మోగ్ అనే మరో బాస్‌నీ ఇద్దరినీ ఓడించి ఉండాలి. మొన్న రాత్రి రెండింటికి మోగ్ పడ్డాడు. నిన్న డీఎల్‌సీ మొదలుపెడదామని కూర్చున్నాను. డిస్క్‌లో చోటు లేక అప్పట్లో డౌన్‌లోడ్ చేసుకోలేదు, దానికోసం ఆన్‌లైన్‌కి వెళ్తే స్టీమ్ మళ్ళీ లాగిన్ అడిగింది. మిగతాది పైన రాశాను.

సెల్లర్‌కి మెసేజ్ పెట్టాను. ఇరవై నిమిషాల్లో జవాబొచ్చింది, అది ఒప్పుకోవాలి. "నో ప్రాబ్లం బ్రో, కొత్తది ఇస్తాం" అని ఇంకో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. అది ఇంకెవరిదో అకౌంట్. అందులో డీఎల్‌సీ లేదు, బేస్ గేమ్ మాత్రమే. గేమ్ తెరిస్తే "న్యూ గేమ్" ఒక్కటే కనిపిస్తోంది.

పీసీలో ఎల్డెన్ రింగ్ సేవ్ ఫైల్ మన కంప్యూటర్‌లోనే ఉంటుంది, కానీ స్టీమ్ ఐడీకి ముడిపడి ఉంటుంది. ఒక అకౌంట్‌తో ఆడినది ఇంకో అకౌంట్‌లో పెడితే లోడ్ అవ్వదు. నేను కాపీ చేసి చూశాను, అవ్వలేదు. ఐడీ మార్చే టూల్స్ ఉన్నాయని తెలుసు. ఈ రెండో అకౌంటూ రేపో ఎల్లుండో పోయేదే అయినప్పుడు దానిలోకి మార్చుకుని ఏం చేయాలి?

అదే అడిగాను. మర్యాదగానే అడిగాను. 94 గంటలు పోయాయి, పర్మనెంట్ అని చెప్పారు, కనీసం డబ్బైనా వెనక్కి ఇవ్వండి అన్నాను. వచ్చిన జవాబు మాట మార్చకుండా ఇక్కడ పెడుతున్నాను.

"సేవ్ ఫైల్‌కి మా గ్యారంటీ లేదు. మీరు కొన్నది గేమ్ కాదు బ్రో, యాక్సెస్. యాక్సెస్ మళ్ళీ ఇచ్చాం కదా."

పర్మనెంట్ అని రాశారు కదా అన్నాను.

"యాక్సెస్ పర్మనెంట్. అకౌంట్ కాదు."

అంటే అకౌంట్ పోయినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి ఆడాలా అన్నాను. అప్పుడు వచ్చింది ఇది.

"ఆడండి బ్రో. అంత బాగుందని మీరే రాశారుగా."

దాని కింద నా రివ్యూ స్క్రీన్‌షాట్. నా లిఫ్టు, నా నక్షత్రాలు.

నేను జవాబు టైప్ చేస్తుండగానే బ్లాక్ చేశారు. డబ్బు పోయిన బాధ ఇంకో వారంలో మర్చిపోతానేమో. ఆ స్క్రీన్‌షాట్ మర్చిపోలేను. ఎంతో ఇష్టంగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న మాటలు అవి. వాటితోనే నా నోరు మూయించారు. అంతకంటే ఘోరం, అవే మాటలు చూసి ఇంకెంతమంది కొన్నారో నాకు తెలియదు. ఒకరు కొన్నా అందులో నా తప్పు ఉంది.

రాత్రంతా ఆలోచిస్తే ఇంకో విషయం తట్టింది. నాకు దక్కిన ఎల్డెన్ రింగ్ అందరూ పొగిడే ఎల్డెన్ రింగ్ కూడా కాదు, అందులో సగమే. ఈ గేమ్‌లో ఆన్‌లైన్‌లో ఉంటే నేల మీద వేరే ఆటగాళ్ళు వదిలిన సందేశాలు కనిపిస్తాయి. ముందు గొయ్యి ఉందనో, గోడ వెనక దారి ఉందనో. ఎవరు ఎక్కడ ఎలా చనిపోయారో రక్తపు మరకలు చూపిస్తాయి. బాస్ దగ్గర ఇరుక్కుపోతే ఎక్కడో ఉన్న మనిషిని సాయానికి పిలవొచ్చు. ఇవేవీ నేను చూడలేదు. ఆఫ్‌లైన్‌లోనే ఆడమన్నారు కదా. మార్గిట్ దగ్గర మూడు రాత్రులు ఒంటరిగా కొట్టుకుంటుంటే, గేమ్ ఇంత ఒంటరిగానే ఉంటుందేమో అనుకున్నాను.

పొగడ్తల్లో ఎవరూ చెప్పనివి కూడా ఉన్నాయి, ప్రకటనలో అయితే అసలు ఉండవు. పీసీలో విడుదలైనప్పుడు గేమ్ ఆగి ఆగి నడుస్తోందని స్టీమ్ రివ్యూల్లోనే చాలామంది మొత్తుకున్నారు. ఎంత మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నా సెకనుకి 60 ఫ్రేములు దాటదు. ఎర్డ్‌ట్రీ అవతార్ లాంటి బాస్‌లు మళ్ళీ మళ్ళీ వస్తారు, నేలమాళిగలు కొన్నాళ్ళకి ఒకేలా అనిపిస్తాయి. చివర్లో వచ్చే మంచు కొండలు లిమ్‌గ్రేవ్ అంత నిండుగా లేవు. ఎవరికి ఏం మాటిచ్చామో రాసి పెట్టే జర్నల్ కూడా లేదు, కథలు మధ్యలో తెగిపోతాయి. ఇవన్నీ తెలిసీ మళ్ళీ ఆడతాను. అంత మంచి గేమ్. అందుకే దాని పేరు చెప్పి మోసం చేయడం ఇంత తేలిక. గేమ్‌కి వచ్చిన అవార్డు చూసి అమ్మేవాళ్ళని నమ్మాను. ఆ అవార్డుకీ వాళ్ళకీ ఏ సంబంధమూ లేదు.

స్టీమ్ సపోర్ట్‌కి రాద్దామా అనుకుని ఆగిపోయాను. అకౌంట్లు అమ్మడం, కొనడం వాళ్ళ నిబంధనలకే విరుద్ధం. సొంత అకౌంట్‌లో కొని ఉంటే, 14 రోజుల్లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడితే రీఫండ్ అడగొచ్చు. ఆ హక్కు అకౌంట్ ఎవరిదో వాళ్ళది. నేను అక్కడ ఎవరినీ కాను. స్టీమ్‌లో కొన్నా చేతికొచ్చేది లైసెన్సే, 2024 అక్టోబరు నుంచి డబ్బు కట్టే పేజీలోనే ఆ మాట కనిపిస్తోంది. కానీ ఆ లైసెన్స్ మన పేరు మీద ఉంటుంది. ఎవడో మధ్యాహ్నం నిద్రలేచి పాస్‌వర్డ్ మారిస్తే పోయేది కాదు.

కొనేవాళ్ళు ఇవి చూసుకోండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చేతికిస్తే అది గేమ్ కొనడం కాదు, వద్దనండి. పాస్‌వర్డ్ మార్చొద్దన్నా, ఆఫ్‌లైన్‌లోనే ఆడమన్నా అక్కడే ఆపేయండి. డబ్బు నేరుగా పంపమంటే అసలే వద్దు. సేల్ వచ్చేదాకా ఆగండి, స్టీమ్‌లో ఈ గేమ్‌కి డిస్కౌంట్ వస్తూనే ఉంటుంది. ఇప్పటికే ఇలాంటి అకౌంట్‌లో ఆడుతున్నవాళ్ళుంటే మీ సేవ్ కూడా ఏదో ఒక రోజు ఇలాగే పోతుంది, ఆశ పెట్టుకోకండి.

బ్లాక్ చేశారు కాబట్టి నా రివ్యూ నేను తీసేయలేకపోతున్నాను. ఇంకా అక్కడే ఉంది. లిఫ్టులో దిగి భూమి కింద నక్షత్రాలు చూశానని, ఆలోచించకుండా కొనండని రాసిన ఐదు స్టార్ల రివ్యూ మీకు కనిపిస్తే, అది నాదే. లిఫ్టు గురించి రాసింది నిజం. చివరి వాక్యం మాత్రం నమ్మకండి.