రెయిడ్ కార్డా, హెచ్‌బీఏ కార్డా?

ఇంట్లో ఎనిమిది డిస్కుల సర్వర్ కట్టేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. రెయిడ్ కార్డు డిస్కులన్నిటినీ గుప్పిట్లో పెట్టుకుని, సిస్టమ్‌కి ఒకే పెద్ద డిస్కులా చూపిస్తుంది. సెటప్ తేలిక. చిక్కల్లా కార్డు పోయినప్పుడే: డిస్కులు నిక్షేపంలా ఉన్నా, అదే రకం కార్డు దొరికేదాకా టెన్షన్.

హెచ్‌బీఏ (డిస్కుల్ని సిస్టమ్‌కి కలిపే మామూలు కార్డు) అలా పెత్తనం చెయ్యదు. ప్రతి డిస్కునీ ఉన్నదున్నట్టు అప్పగిస్తుంది, మిగతాది జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ప్రతి బ్లాక్‌కీ చెక్‌సమ్ (డేటా మారిందో లేదో తేల్చే లెక్క) ఉంటుంది కాబట్టి, పాత ఫొటోలో ఒక్క బిట్ తారుమారైనా స్క్రబ్‌లో, అంటే డేటా మొత్తం చదివి చేసే తనిఖీలో, పట్టుకుని, రెయిడ్‌జెడ్2 పారిటీతో (డిస్కుల్లో దాచే అదనపు డేటాతో) సరిచేస్తుంది. బోర్డు కాలిపోతే డిస్కులు ఇంకో మెషీన్‌కి తగిలించి పూల్‌ని (జెడ్‌ఎఫ్‌ఎస్ ఒకటిగా చూసే ఆ డిస్కుల గుంపుని) ఇంపోర్ట్ చేస్తే చాలు. నా ఓటు దీనికే. కాకపోతే ఈ కార్డులు సర్వర్ ఫ్యాన్ల గాలికి అలవాటుపడ్డవి, మామూలు క్యాబినెట్‌లో బాగా వేడెక్కుతాయి. హీట్‌సింక్ మీద చిన్న ఫ్యాన్ బిగించండి.