స్విస్‌అడ్మే: అణువును తయారుచేయకముందే ప్రశ్నించే సాధనం

నెలల తరబడి రియాజెంట్లు, ద్రావణులు ఖర్చుపెట్టి, మందు అవుతుందన్న ఆశతో తయారుచేసిన సమ్మేళనం పరీక్షనాళికలో చక్కగా పనిచేసి, తీరా పేగు గోడను దాటదని చివరలో తేలితే కలిగే బాధ ఫార్మసీ కళాశాలల్లో ప్రాజెక్టులు చేయించేవారికి బాగా తెలుసు. ఆ సంగతిని ముందుగా అంచనా వేసేందుకు నేను కొన్నేళ్లుగా విద్యార్థుల చేత వాడిస్తున్న సాధనం స్విస్‌అడ్మే. స్విస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ పరిశోధకులు నిర్మించి, 2017లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వివరించిన ఈ వెబ్‌సైట్‌కు రుసుము లేదు, లాగిన్ కూడా అక్కరలేదు.

అణువు బొమ్మను తెరమీద గీసినా, దాని స్మైల్స్ వరుసను, అంటే అణు నిర్మాణాన్ని అక్షరాల్లో రాసే రూపాన్ని, అతికించినా కొన్ని సెకన్లలో ఫలితం వస్తుంది. నీటిలో కరిగే గుణం, నోటి ద్వారా తీసుకునే మందుకు తగిన అణువేనా అని చూసే లిపిన్‌స్కీ నియమాలు, సంశ్లేషణ (అణువును తయారుచేయడం) ఎంత కష్టమో 1 నుంచి 10 వరకు చెప్పే అంకె అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. కొవ్వులో కరిగే స్వభావాన్ని, అంటే లాగ్ పి విలువను, ఐదు వేర్వేరు పద్ధతుల్లో లెక్కించి పక్కపక్కన చూపడం నాకు అన్నిటికంటే నచ్చింది. ఐదూ దగ్గరగా ఉంటే ఆ అంచనాను కొంత నమ్మవచ్చు. చెల్లాచెదురుగా ఉంటే ప్రయోగశాలలో కొలవక తప్పదు.

ఉడికిన గుడ్డు పేరుతో ఇచ్చే పటం విద్యార్థులకు వెంటనే అర్థమవుతుంది. తెల్లసొనలో పడిన అణువు పేగు నుంచి రక్తంలోకి చేరవచ్చు. పచ్చసొనలో పడినది మెదడులోకీ వెళ్లవచ్చు. అయితే ఈ పటం చూసేది ధ్రువ ఉపరితల వైశాల్యం (అణువు ఉపరితలంలో ఆక్సిజన్, నైట్రోజన్ వంటి ధ్రువ పరమాణువుల వాటా), లాగ్ పి అనే రెండు విలువలను మాత్రమే. అందువల్లనే కాఫీ తాగే ప్రతివారి మెదడుకూ చేరే కెఫీన్, లాగ్ పి సుమారు -1 కావడంతో, అంటే కొవ్వులో కంటే నీటిలో ఎక్కువ కరిగేదిగా లెక్క తేలడంతో, ఇక్కడ పచ్చసొన బయట నిలుస్తుంది. ఈ ఉదాహరణను నేను మొదటి తరగతిలోనే చూపిస్తాను.

యంత్ర అభ్యాసం (మెషీన్ లెర్నింగ్) ముఖ్యంగా కనిపించేది కాలేయంలో మందులను మార్చివేసే ఐదు సైటోక్రోమ్ ఎంజైములను అణువు అడ్డుకుంటుందా అన్న అంచనాలో. వేల అణువుల సమాచారంతో శిక్షణ పొందిన, సపోర్ట్ వెక్టర్ మెషీన్ అనే వర్గీకరణ పద్ధతి నమూనాలు ఇక్కడ అవును, కాదు అని మాత్రమే జవాబిస్తాయి. వాటి ఖచ్చితత్వం 80 శాతం చుట్టూ ఉంటుంది కనుక, ఐదు జవాబుల్లో ఒకటి తప్పు కావచ్చునన్న ఎరుకతోనే ఆ పట్టికను చదవాలి. విద్యార్థులు దానిని యథాతథంగా థీసిస్‌లో అతికించడం చూసినప్పుడల్లా నాకు నొప్పిగా ఉంటుంది.

మొక్కల సమ్మేళనాలపై పనిచేసేవారు పెయిన్స్ హెచ్చరికను, అంటే పరీక్షలను తప్పుదారి పట్టించే అణు భాగాలను గుర్తించే సూచనను, దాటవేయకూడదు. ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్‌ను ఇచ్చి చూడండి: అందులోని కాటెకాల్ భాగాన్ని (పక్కపక్కన రెండు హైడ్రాక్సిల్ సమూహాలున్న బెంజీన్ వలయాన్ని) పట్టుకుని ఈ సాధనం హెచ్చరిస్తుంది. అటువంటి అణువులు సంబంధం లేని అనేక పరీక్షల్లో కూడా పనిచేసినట్లు భ్రమ కలిగిస్తాయి కనుక, డాకింగ్ స్కోరు (అణువు ప్రోటీన్‌కు ఎంత బాగా అతుకుతుందో కంప్యూటర్ లెక్కించే అంకె) ఎంత బాగున్నా మరో రకం ప్రయోగంతో సరిచూసుకోవాలి.

విషప్రభావాన్ని ఇది అంచనా వేయదు. దానికి వేరే సాధనం వెతుక్కోవాలి. పేటెంటుకు ఇంకా దరఖాస్తు చేయని అణువును ఏ వెబ్‌సైట్‌లోనూ అతికించవద్దని నా సలహా. ఇరవై ముప్పై ఊహల్లోంచి తయారీకి యోగ్యమైన ఐదారింటిని ఎంచుకునే తొలి జల్లెడగా మాత్రం, ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేని మా వంటి కళాశాలలకు దీనిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.